ఫొటోల కట్ట: చూపుకూ దాఖలాకూ మధ్య

వాట్సాప్‌లో ఒకే విడతలో పంపగల ఫొటోల సంఖ్య తొలినాళ్లలో 10 ఉండేది, తరువాత 30కి పెరిగింది, 2023 ఫిబ్రవరిలో 100కి చేరింది. ఈ పెరుగుదల గురించి వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం దానిని వేగానికీ సౌకర్యానికీ సంబంధించిన విషయంగానే చూశాయి. హద్దు ఎంత ఉండాలి, దానిని దాటే ఉపాయాలేమిటి, ఏ యాప్ ఎంత బరువు మోయగలదు అన్న ప్రశ్నల దగ్గరే చర్చ ఆగిపోయింది. ఫొటోలను కట్టగా పంపేవారు వాటిని ఏ పని కోసం పంపుతున్నారో విడదీసి చూస్తే మాత్రం సమస్య స్వరూపమే మారుతుంది. దూరాన ఉన్నవారికి చూపించడం ఒక పని. ఏళ్ల తరబడి దాచుకోవడానికి అప్పగించడం వేరొక పని. జరిగినదానికి దాఖలాగా అధికారికో న్యాయస్థానానికో సమర్పించడం ఈ రెండింటికీ భిన్నమైన పని. సందేశ యాప్‌లు మొదటిదాని కోసం రూపొందాయి, జనం వాటిని మూడింటికీ వాడుతున్నారు. ఈ విషయంలో వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం పంపగల సంఖ్యలో లేదని, ఈ పొంతన లేనితనంలో ఉందని ఈ సమీక్ష వాదిస్తుంది.

ప్రశ్నను ఆమదాలవలస వంటి పట్టణం నుంచి చూడటానికి కారణం ఉంది. హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గం శ్రీకాకుళం పట్టణాన్ని తాకకుండా పోతుంది గనుక జిల్లా కేంద్రానికి దిక్కయిన రైలుస్టేషన్ ఆమదాలవలసలోనే, శ్రీకాకుళం రోడ్ అన్న పేరుతో ఉంది. శ్రీకాకుళం పల్లెల నుంచి హైదరాబాదు, చెన్నై, భువనేశ్వర్‌లలో కట్టడం పనులకూ, గుజరాత్‌లోని వేరావల్ రేవులో చేపల పడవలకూ, గల్ఫ్ దేశాలకూ వలసపోయేవారిలో ఎందరో రైలెక్కేదీ దిగేదీ ఇక్కడే. ఇంటికి ఒకరో ఇద్దరో ఎప్పుడూ బయట ఉండే ఇటువంటి ప్రాంతంలో పెళ్లయినా, గృహప్రవేశమైనా, అమ్మవారి సంబరమైనా, పెద్దకర్మయినా రాలేకపోయినవారికి దాని ఫొటోలు చేరవలసిందే. అదే పల్లెల్లో ఉపాధి హామీ హాజరు, బడిలో మధ్యాహ్న భోజనం, పంట నమోదు, పక్కా ఇంటి బిల్లు కూడా ఫొటోతో ముడిపడ్డాయి. అంటే ఒకే ఫోను, చాలాసార్లు ఒకే మనిషి చేతిలో, వేడుకకూ దాఖలాకూ కూడా సాధనమైంది.

ఫిల్ము కాలంలో సంఖ్యకు హద్దు పంపే దగ్గర కాక తీసే దగ్గరే ఉండేది. 35 మిల్లీమీటర్ల రీలు ఒకదానికి 36 ఫొటోలు వచ్చేవి. పెళ్లికి ఎన్ని రీళ్లన్నది ముందే మాట్లాడుకునేవారు గనుక ఏ ఘట్టానికి ఎన్ని తీయాలో ఫొటోగ్రాఫరు లెక్క చూసుకునేవాడు. కడిగించిన ప్రింట్లలో రెండు మూడింటిని అట్టముక్కల మధ్య పెట్టి, కవరులో పోస్టు చేసేవారు. నెగటివ్‌లు స్టూడియోలో ఉండిపోయేవి. దూరానికి వెళ్లేది ప్రతి, దగ్గర మిగిలేది మూలం అన్న తేడా ఎవరూ చెప్పనక్కరలేకుండానే అందరికీ తెలిసేది. డిజిటల్ కాలంలో పోయింది ఆ తేడాయే. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో తెరమీద మూలంలాగే కనిపిస్తుంది, గ్యాలరీలో మూలం పక్కనే కూర్చుంటుంది, కానీ అది మూలం కాదు.

వాట్సాప్‌కు ముందటి దశను క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. సెల్‌ఫోను కంపెనీలు 2000 దశకంలో తెచ్చిన ఎమ్మెమ్మెస్‌లో ఒక సందేశానికి కొన్ని వందల కిలోబైట్లే పట్టేవి, ఒక్కొక్కదానికీ రుసుము పడేది. బ్లూటూత్ ఒకే గదిలో ఉన్నవారికి మాత్రమే పనికివచ్చేది. ఆ తరువాత వచ్చిన షేరిట్, జెండర్ వంటి యాప్‌లు రెండు ఫోన్ల మధ్య నేరుగా వైఫై బంధం ఏర్పరచి, డేటా ఖర్చు లేకుండా, ఫైలును ఏమాత్రం కుదించకుండా వందల ఫొటోలను నిమిషాల్లో దాటించేవి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. వాటి భద్రతపై ఉన్న అనుమానాలను పక్కనపెట్టి నాణ్యత ఒక్కటే చూస్తే, సాధారణ వాడకందారుల్లో వాటి స్థానాన్ని ఆక్రమించిన వాట్సాప్ పద్ధతి వాటికంటే తక్కువరకమని ఒప్పుకోక తప్పదు. క్విక్ షేర్ వంటి ప్రత్యామ్నాయాలు ఆండ్రాయిడ్ ఫోన్లలోనే ఉన్నా వాటిని వాడేవారు పెద్దగా కనిపించరు. ఆ నిషేధానికి ముందే 2016 సెప్టెంబరు 5న జియో రావడంతో, అంతకుముందు జీబీకి రెండు వందల రూపాయల పైచిలుకు పలికిన డేటా ధర ఒక్కసారిగా పడిపోయింది. దగ్గర కూర్చున్నవారికి కూడా ఫొటోలను దూరపు సర్వర్ మీదుగా పంపే అలవాటు అప్పటినుంచి బలపడింది.

ఇంతకూ కట్టగా పంపినప్పుడు లోపల జరిగేదేమిటో తెలియకపోతే తరువాతి చర్చ అర్థం కాదు. గ్యాలరీలో ముప్ఫై ఫొటోలు ఎంచి పంపే మీట నొక్కగానే, ఫోను ముందుగా ఒక్కొక్కదానినీ కుదించి చిన్నది చేస్తుంది. ఆపై ప్రతిదానికీ అప్పటికప్పుడు ఒక రహస్య సంకేతాన్ని పుట్టించి, దానితో ఫైలును ఇతరులు చదవలేని రూపానికి మార్చి సర్వర్‌కు ఎక్కిస్తుంది. చివరగా ఆ ఫైలు ఎక్కడుందో చెప్పే చిరునామానూ, దానిని విప్పే సంకేతాన్నీ, మసకగా కనిపించే చిన్న నమూనా బొమ్మనూ ఒక సందేశంగా అవతలివారికి పంపుతుంది. పంపినవారూ అందుకున్నవారూ తప్ప నడుమ ఉన్న కంపెనీ సైతం చదవలేని ఈ పద్ధతిని ఆద్యంత గుప్తీకరణ అంటారు. వాట్సాప్ దానిని 2016 ఏప్రిల్‌లో అందరికీ వర్తింపజేసింది. పైకి ఒకే ఆల్బమ్‌గా నాలుగు గళ్లలో కనిపించినా, లోపల అవి వేటికవే విడి సందేశాలు. అందుకే సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ముప్ఫైలో పద్దెనిమిది వెళ్లి పన్నెండు ఆగిపోవడం, పెళ్లి తంతు వరుస తప్పి తలంబ్రాల తరువాత గౌరీపూజ కనిపించడం జరుగుతాయి.

గ్రూపుకు పంపినప్పుడు ఫొటోను సభ్యుల సంఖ్యనుబట్టి మళ్లీ మళ్లీ ఎక్కించనవసరం లేదు. ఒకసారి ఎక్కించిన ఫైలుకే అందరికీ దారి చూపిస్తారు. ఫార్వర్డ్ చేసేటప్పుడు కూడా పాత ఫైలు చిరునామాయే ముందుకు పోతుంది గనుక క్షణంలో పని అయిపోతుంది, నాణ్యత అదనంగా తగ్గదు. అదే ఫొటోను ఫోనులో దాచి మళ్లీ కొత్తగా పంపినా, తెరచిత్రం తీసి పంపినా మరో విడత కుదింపుకు లోనయ్యే అవకాశం ఉంది. చూడటానికి ఒకేలా ఉండే ఈ రెండు పనులకూ మధ్య ఇంత భేదం ఉందన్న సంగతి యాప్ ఎక్కడా చెప్పదు.

కుదింపు అన్న మాటను కొంత వివరించాలి. ఫోన్లలో ఎక్కువగా వాడే జేపెగ్ పద్ధతి 1992లో ప్రమాణంగా స్థిరపడింది. అది బొమ్మను అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది బిందువుల చిన్న గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలోని వెలుగునూ రంగునూ నెమ్మదిగా మారే అంశాలుగానూ వడిగా మారే అంశాలుగానూ వేరుచేసి, కంటికి అంతగా ఆనని రెండోరకం వివరాల్లో చాలాభాగాన్ని వదిలేస్తుంది. ఈ వేరుచేసే గణితాన్ని వివిక్త కోసైన్ పరివర్తనం అంటారు. దానిని ప్రతిపాదించిన 1974 నాటి పత్రం మీద ముగ్గురి పేర్లున్నాయి: కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన నసీర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, టెక్సస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ ప్రాంగణంలో ఆచార్యుడైన కమిశెట్టి రామమోహనరావు. అహ్మద్ ఈ ఆలోచనతో 1972లో అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థను నిధులు అడిగితే తిరస్కరించారు. సెల్‌ఫోను ఊహలో కూడా లేని రోజుల్లో ముగ్గురు భారతీయులు వేసిన ఆ లెక్క, ఇవాళ ఏ పల్లె నుంచి ఏ పెళ్లి ఫొటో కదిలినా దాని వెనక నడుస్తోంది.

ఈ పద్ధతిలో ముందు దెబ్బతినేవి నున్నని చెంపలూ ఆకాశమూ కావు. పట్టుచీర జరీ అంచు, జుట్టు పోగులు, తోరణంలోని ఆకుల అంచులు, కాగితం మీది అక్షరాలు. అందువల్లనే మనుషుల ముఖాలు బాగానే ఉన్నాయనిపించే ఫొటోలో వెనక ఫ్లెక్సీ మీది పేర్లు అలుక్కుపోతాయి, పట్టాదారు పాసుపుస్తకం పేజీని ఫొటో తీసి పంపితే సర్వే నంబరులో 3 ఏదో 8 ఏదో తేలదు. జేపెగ్ నష్టానికి తోడు యాప్ బొమ్మ కొలతనే తగ్గిస్తుంది. మామూలు ఫోను తీసే 1.2 కోట్ల బిందువుల ఫొటో 4000 అడ్డం, 3000 నిలువు ఉంటే, వాట్సాప్ సాధారణ నాణ్యతలో దాని పొడవాటి వైపు సుమారు 1600 బిందువులకు కుంచించుకుపోతుంది. అంటే 1600, 1200ల హెచ్చవేత ప్రకారం 19 లక్షల చిల్లర బిందువులు, అసలులో ఆరో వంతుకు కొంచెం తక్కువ. 2023 ఆగస్టులో హెచ్‌డీ ఎంపికను చేర్చారు. దానితో కొలత మెరుగైంది గానీ కుదింపు పూర్తిగా పోలేదు, పైగా వాడకందారు కోరి మార్చుకుంటే తప్ప అది వర్తించదు.

ఫోను తెరమీద చూడటానికి ఆ ఆరో వంతు చాలు. చిక్కు అచ్చు దగ్గర వస్తుంది. ఫొటో ల్యాబులు అంగుళానికి 300 బిందువుల లెక్కన ముద్రించాలనుకుంటే 4×6 అంగుళాల ప్రింటుకు 1200, 1800 బిందువులు కావాలి. వాట్సాప్ ఫొటో ఆ చిన్న సైజుకే కాస్త తక్కువపడుతుంది. పెళ్లి ఆల్బముల్లో ఇప్పుడు మామూలైన కరిజ్మా షీటు, రెండు పేజీలు కలిపి పరిస్తే, 12×36 అంగుళాలు ఉంటుంది. దాని నిండా ఒకే ఫొటో పరచాలంటే 3600, 10,800 చొప్పున 3.88 కోట్ల బిందువులు అవసరం. సందేశంలో వచ్చిన ఫొటో అందులో ఇరవయ్యో వంతు మాత్రమే ఇవ్వగలదు. బంధువులు గ్రూపులో పెట్టిన ఫొటోలను ఏరి స్టూడియోకు పంపి, వాటిని కూడా ఆల్బములో కలపమని కోరే కుటుంబాలకు ఆ పేజీలు ఎందుకు మసకబారాయో ఈ లెక్క చెబుతుంది. తప్పు చాలాసార్లు డిజైనర్ మీదికి పోతుంది.

స్టూడియోల పనిలో కొలతకంటే ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఫైలు పేరు. పెళ్లి అయ్యాక ఫొటోగ్రాఫరు వేలకొద్దీ ఫొటోలను కుటుంబానికి చూపించి, ఆల్బములోకి వెళ్లవలసినవాటిని ఎంచమంటాడు. దీనినే సెలక్షన్ అంటారు. కెమెరా ప్రతి ఫొటోకూ ఒక వరుస సంఖ్య వేస్తుంది, ఎంపికంతా ఆ సంఖ్య మీదే నడుస్తుంది. ఫొటోలను మామూలు పద్ధతిలో వాట్సాప్‌లో పంపితే అందుకున్న ఆండ్రాయిడ్ ఫోనులో ఆ సంఖ్య పోయి, చేరిన తేదీతోనూ డబ్ల్యూఏ అన్న అక్షరాలతోనూ మరో వరుసతోనూ కొత్త పేరు పడుతుంది. పెళ్లికూతురి తండ్రి నూట యాభై ఫొటోలకు గుర్తుపెట్టి తిరిగి పంపినా, వాటి అసళ్లు వేల ఫొటోల్లో ఎక్కడున్నాయో స్టూడియోవారు కళ్లతో పోల్చి వెతుక్కోవలసిందే. కొన్ని స్టూడియోలు ముందే ప్రతి చిన్న ఫొటో మూలన దాని సంఖ్యను అచ్చువేసి పంపుతాయి. పంపగల సంఖ్యను వందకు పెంచినా తీరని ఇబ్బందిని ఇంత చవకైన ఉపాయం తీరుస్తుంది.

ఫొటోను ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపితే కుదింపూ ఉండదు, పేరూ మారదు. 2022లో ఒక ఫైలు పరిమాణపు హద్దును 100 మెగాబైట్ల నుంచి 2 జీబీకి పెంచిన తరువాత, వందల ఫొటోలను జిప్ అనే ఒకే మూటఫైలుగా చుట్టి పంపడం కూడా సాధ్యమైంది. అయితే డాక్యుమెంటుగా వచ్చినవి గ్యాలరీలో కనిపించవు, జిప్ ఫైలును విప్పడం పెద్దవారికి కొరుకుడుపడదు, ఒక్కొక్కటి నాలుగు మెగాబైట్ల చొప్పున నూరు ఫొటోలు 400 మెగాబైట్లు అవుతాయి, రోజుకు జీబీన్నర ప్లాను మీద బతికే ఫోనుకు అది నాలుగో వంతుకు పైనే. టెలిగ్రామ్ ఈ పోలికలో వేరే దారి తొక్కింది: దాని మామూలు సంభాషణలు కంపెనీ సర్వర్లలోనే నిలిచి ఉంటాయి గనుక ఫోను మారినా ఫొటోలు పోవు, కానీ అవి ఆద్యంత గుప్తీకరణలో ఉండవు. గూగుల్ ఫొటోస్ 2015లో మొదలైనప్పుడు ఇచ్చిన అపరిమిత ఉచిత నిల్వను 2021 జూన్ 1 నుంచి 15 జీబీకి కుదించింది. లింకు పంపడమే అన్నిటికంటే సరైన మార్గమని చెప్పే నిపుణుల సలహా నాణ్యత మట్టుకు నిజమే, ఆ 15 జీబీ నిండినవారికి మాత్రం అది నెలనెలా అద్దె.

అందుకునేవారి ఫోను గురించి పరిశీలన తక్కువ జరిగింది. భారతీయుల ఫోన్లు శుభోదయం బొమ్మలతో నిండి స్తంభించిపోతున్నాయని గూగుల్ పరిశోధకులు గమనించిన సంగతి 2018 జనవరిలో వాల్‌స్ట్రీట్ జర్నల్ ద్వారా ప్రపంచానికి తెలిసి, కొంత నవ్వులాటకు కూడా కారణమైంది. పెళ్లి ఫొటోల కట్టలు అంతకంటే బరువైనవి. ఒకే నూరు ఫొటోలు కుటుంబ గ్రూపులోనూ, ఊరి గ్రూపులోనూ, స్నేహితుల గ్రూపులోనూ వేర్వేరు మనుషులు కొత్తగా ఎక్కిస్తే మూడు ప్రతులుగా దిగుతాయి. పంపినవారి ఆండ్రాయిడ్ ఫోనులో సైతం పంపినవాటి కుదించిన ప్రతులు వేరే ఫోల్డరులో పేరుకుంటాయి. వీటిని ఆపే ఆటో డౌన్‌లోడ్ అమరిక యాప్‌లోనే ఉన్నా, ఫోను నిండిపోయిందన్న హెచ్చరిక వచ్చేదాకా దాని జోలికి పోయేవారు అరుదు.

దాఖలాగా పంపే ఫొటోల విషయం ఇంతకంటే గంభీరమైనది, ఎందుకంటే ఇక్కడ తేడా వస్తే పోయేది కూలి. జనం కరువు పని అని పిలిచే ఉపాధి హామీ పనిలో హాజరు నమోదుకు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2021 మేలో ఎన్ఎంఎంఎస్ అనే యాప్‌ను తెచ్చింది. పనిస్థలంలో కూలీలను రోజుకు రెండుసార్లు ఫొటో తీసి, సమయమూ అక్షాంశ రేఖాంశాలూ ముద్రపడేలా ఎక్కించాలన్న నియమాన్ని 2022లో ఇరవైమంది, అంతకు మించి పనిచేసే చోట్లకు వర్తింపజేసి, 2023 జనవరి 1 నుంచి అన్ని చోట్లకూ విస్తరించారు. సిగ్నల్ అందక ఫొటో ఎక్కకపోతే చేసిన పనికే హాజరు పడదన్నది కూలీల సంఘాల ప్రధాన ఆక్షేపణ. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర మొదలైన నూరు రోజుల ధర్నాలో ఇది ముఖ్యాంశం. సీతంపేట ఏజెన్సీ వంటి కొండ ప్రాంతాల్లో, చెరువు గట్టు మీద పనిచేసేవారికి ఆ ఆక్షేపణ వివరించి చెప్పనక్కరలేదు.

2025 జూలైలో అదే మంత్రిత్వ శాఖ రాష్ట్రాలకు పంపిన ఉత్తర్వు ఈ పద్ధతి లోగుట్టును అధికారికంగా బయటపెట్టింది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కించడం, మనుషులకు బదులు మరో ఫొటోనే ఫొటో తీయడం, ఫొటోలో ఉన్నవారి సంఖ్యకూ హాజరులోని సంఖ్యకూ పొసగకపోవడం, ఒకే మనుషులు వేర్వేరు మస్టర్లలో, అంటే హాజరు పట్టీల్లో, కనిపించడం వంటి అక్రమాలను అందులో వరుసగా పేర్కొని, ఇకపై గ్రామ పంచాయతీ స్థాయిలో ఫొటోలన్నిటినీ మనుషులే సరిచూడాలని ఆదేశించారు. తనిఖీ భారం తగ్గించడానికి తెచ్చిన ఫొటో, తానే తనిఖీ చేయవలసిన వస్తువైంది. కట్టలు కట్టలుగా వచ్చిపడే ఫొటోలను చూసేవారు లేకపోతే వాటికి దాఖలా విలువ ఉండదన్న సంగతి పథకం రూపకర్తలకు నాలుగేళ్లు తెలియలేదనుకోవడం కష్టం. తెలిసీ వదిలేశారనడమే సబబు.

ఆంధ్రప్రదేశ్ బడుల్లో ఇదే కథ మరో తీరున నడిచింది. మధ్యాహ్న భోజనంతో పాటు మరుగుదొడ్ల ఫొటోలను కూడా ప్రధానోపాధ్యాయులు యాప్‌లో ఎక్కించాలన్న ఏర్పాటు మీద ఉపాధ్యాయ సంఘాలు ఏళ్ల తరబడి నిరసన తెలిపాయి. 2024లో ప్రభుత్వం మారాక మరుగుదొడ్ల ఫొటోల బాధ్యతను తొలగించారు. దీనికి సమాంతరంగా, ఏ నియమంలోనూ లేని మరో వ్యవస్థ శాఖలన్నిటిలో వ్యాపించింది: పై అధికారి నడిపే వాట్సాప్ గ్రూపులో సమావేశం జరిగినట్టు, మొక్క నాటినట్టు, డ్రైనేజీ తీయించినట్టు ఫొటోలు పెట్టడం. అధికారిక యాప్ కనీసం స్థలాన్నీ సమయాన్నీ నమోదు చేస్తుంది. సందేశ యాప్ అందుకు విరుద్ధంగా, ఫొటో లోపల కెమెరా రాసిపెట్టే తేదీ, చోటు, పరికరం వంటి వివరాలను పంపేటప్పుడు తీసేస్తుంది. ఈ వివరాలను ఎగ్జిఫ్ సమాచారం అంటారు. వేడుక ఫొటోలు పంపేవారికి ఇది మేలు, ఇంటి చిరునామా తెలియకుండా కాపాడుతుంది. దాఖలా పంపేవారికి మాత్రం దాఖలాలోని సారమే పోతుంది.

న్యాయస్థానాల దగ్గర ఈ భేదం మరింత పదునెక్కింది. మూల పరికరాన్ని హాజరుపరచకుండా ఎలక్ట్రానిక్ ప్రతిని సాక్ష్యంగా పెట్టాలంటే ధ్రువపత్రం తప్పనిసరని అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు 2020 జూలై 14న తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువను కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలులోని సమాచారమంతటినీ గణించి తేల్చే స్థిరమైన పొడవున్న అంకెల, అక్షరాల వరుస. ఫైలులో ఒక్క బిందువు మారినా ఆ వరుస పూర్తిగా వేరైపోతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపినది కుదింపు వల్ల వేరే ఫైలు అవుతుంది గనుక, పంపినవారి ఫోనులోని అసలుకూ అందుకున్నవారి ప్రతికీ హ్యాష్ కలవదు. గట్టు తగాదా అయినా, ఇంటిగోడ పడగొట్టిన కేసయినా ఫొటోలన్నీ వకీలు వాట్సాప్‌కు పంపేసి, ఫోను నిండిందని అసళ్లను చెరిపేసేవారు తమ వాదాన్ని తామే బలహీనపరచుకుంటున్నారు.

తేదీ చెరిగిపోవడం వల్ల మరో కీడు ఉంది. ఉత్తరాంధ్ర తీరం తుపానుల దారిలో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు తీరంలో నేలను తాకాయి. కరెంటూ టవర్లూ కూలిన ఊళ్లలో తీసిన ఫొటోలు ఫోనులోనే ఉండిపోయి, సిగ్నల్ తిరిగి వచ్చాక ఒక్కసారిగా కదులుతాయి. ఈ లోపల వేరే ఏటి తుపాను ఫొటోలు బయటి ఊళ్ల నుంచి ముందే చక్కర్లు కొడతాయి. గ్యాలరీలో రెండూ ఒకే రోజు తేదీతో కనిపిస్తాయి. పిల్లలను ఎత్తుకుపోయేవారన్న వదంతులు దేశంలో ప్రాణాలు తీసిన 2018లో, వాట్సాప్ జూలైలో భారతదేశంలో ఫార్వర్డ్‌ను ఐదు సంభాషణలకు పరిమితం చేసింది. 2020 ఏప్రిల్‌లో బాగా తిరిగిన సందేశాలను ఒక్కసారికి ఒక సంభాషణకే కుదించింది. గమనించవలసిన విచిత్రమేమంటే, ఒకేసారి ఎందరికి పంపవచ్చన్న హద్దు తగ్గుతూ వచ్చిన కాలంలోనే ఒకేసారి ఎన్ని పంపవచ్చన్న హద్దు పెరుగుతూ వచ్చింది. గ్రూపు పరిమాణం కూడా 2022లో 1024 మందికి పెరిగింది గనుక, ఐదు నిండు గ్రూపులకు చేసిన ఒక్క ఫార్వర్డ్ ఐదు వేలమందిని దాటుతుంది. హద్దు సంభాషణలను లెక్కిస్తుంది, మనుషులను లెక్కించదు.

గోప్యత ప్రశ్నలో కట్టకు ప్రత్యేకత ఉంది. ఒక ఫొటో పంపేవారు దానిని చూసి పంపుతారు; వంద పంపేవారు మొదటిదాని మీద వేలు పెట్టి చివరిదాకా లాగుతారు. నడుమ ఆధార్ కార్డో, బ్యాంకు పుస్తకమో, చీర సర్దుకుంటున్న ఆడపిల్లో ఉండిపోతే అది గ్రూపులో పడ్డాకే తెలుస్తుంది. అందరికీ చెరిపివేసే సదుపాయం రెండున్నర రోజుల వరకే ఉంటుంది, అప్పటికే ఫార్వర్డ్ అయినవాటిని అది తాకదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం సొంత, ఇంటి అవసరాలకు చేసే వాడకాన్ని తన పరిధి నుంచి మినహాయించింది గనుక, పెళ్లికి వచ్చిన యువతి తన ఫొటోను అడగకుండా పెళ్లిసంబంధాల గ్రూపుల్లోకి పంపిన బంధువు మీద ఆ చట్టాన్ని ఆశ్రయించడం కష్టం. అప్పు యాప్‌లు ఫోనులోని ఫొటోలను మార్ఫింగ్ చేసి వేధించిన ఉదంతాల తరువాత రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2 నాటి మార్గదర్శకాల్లో ఆ యాప్‌లు ఫైళ్లనూ మీడియానూ తాకరాదని కట్టడి చేసింది. కుటుంబ గ్రూపుల్లో జరిగేదానికి మాత్రం అటువంటి కట్టడి మర్యాద ఒక్కటే.

ఇక దాచుకోవడం. అందని సందేశాలను వాట్సాప్ తన సర్వర్లలో 30 రోజుల వరకే గుప్తరూపంలో ఉంచి తరువాత చెరిపేస్తుంది. నెలకు మించి సముద్రం మీద ఉండిపోయిన ఓడ పనివాడు తిరిగి రేవు చేరేసరికి చెల్లెలి పెళ్లి ఫొటోల జాడ ఉండకపోవచ్చు, మళ్లీ పంపమని అడగవలసిందే. ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ గతంలో గూగుల్ ఖాతా నిల్వ లెక్కలోకి వచ్చేది కాదు, 2023 డిసెంబరులో మొదలైన మార్పుతో అది కూడా 15 జీబీలో భాగమైంది. స్టూడియోలు హార్డ్‌డిస్కులను ఖాళీ చేసుకుని తిరిగి వాడుకుంటాయి. నెగటివ్‌ల పెట్టెలను చాలాకాలం అటకమీద ఉంచినట్టు అవి పాత పెళ్లిళ్లను ఉంచవు. కనుక చివరి బాకీ కట్టి ఆల్బము తీసుకునే రోజునే, కెమెరా సంఖ్యలు చెరగకుండా అసలు ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి అడిగి తీసుకోవడం మేలు. రెండో ప్రతి ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు ఈ ప్రాంతపు వలసే జవాబిస్తుంది: సంబరానికో సంక్రాంతికో ఊరొచ్చిన కొడుకు తిరిగి శ్రీకాకుళం రోడ్‌లో రైలెక్కేటప్పుడు మరో పెన్‌డ్రైవ్ వెంట తీసుకుపోతే, తుపాను తీరానికి వందల కిలోమీటర్ల అవతల, ఇంతకాలం ఫొటోలు చూపించవలసిన బంధువుగా మాత్రమే లెక్కకొచ్చిన మనిషి దగ్గర, ఆ కుటుంబపు అసలు ఫొటోలు ఇంకో చోట భద్రంగా ఉంటాయి.